కాలు కింద పెట్టనివ్వడం లేదు

జూన్ 4

ఒసేయ్ బుడంకాయ్,

క్షేమం. ఈ మాట ముందే రాసేశాను, నువ్వు కవరు చించగానే మొదట వెతికేది దాన్నే కాబట్టి. ఇక నింపాదిగా చదువుకో.

సదస్సు మొన్న జరిగింది. ముప్ఫై ఏళ్ళుగా మన ఊళ్ళో సగంమంది చేత స్టీరింగు పట్టించినవాణ్ణని, నన్ను ఏరికోరి 'రోడ్డు దాటే సరైన పద్ధతి' మీద మాట్లాడమని పిలిచారు కదా. ఆ ముచ్చట విను. హాలు రోడ్డుకి అవతలి పక్క ఉంది. నేనిలా రోడ్డు మీద అడుగు పెట్టానో లేదో, మెట్ల మీదున్న నూటయాభై మందీ ఒక్కసారిగా కేక పెట్టారు. పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను చుట్టుముట్టారు. నాకోసం బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆపేశారు. ఒక్క అడుగు నడవనివ్వకుండా చేతుల మీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. హాల్లో ఆ పూట ఒక్కరంటే ఒక్కరు కూర్చోలేదట, అందరూ నిలబడే ఉన్నారట. మర్నాడు ఇక్కడి పేపర్లో కూడా పడ్డాను.

ఇప్పుడు నన్నుంచిన గది తెల్లగా, విశాలంగా ఉంది. నన్ను కాలు కింద పెట్టనివ్వడం లేదు. భోజనం మంచం మీదికే వస్తోంది. మెడ తిప్పుకుందామన్నా తిప్పుకోనివ్వరు. పన్నెండో తారీకు విమానానికి వచ్చేస్తానంటే ఒప్పుకోలేదు, ఇంకా రెండు నెలలు ఉండి తీరాలని పట్టుబట్టారు. వాళ్ళ మాట కాదనే పరిస్థితిలో లేను.

బండి సంగతి మళ్ళీ చెబుతున్నాను. కవరు కప్పే ఉంచు. నేర్చుకునేవాడి పక్కన ఎడమ సీట్లో కూర్చునేవాడి కాలికింద రెండో బ్రేకు ఉంటుంది. నేను మాత్రమే కూర్చునే సీటది. అందులో ఎవరూ కూర్చోకూడదు, నువ్వు ముఖ్యంగా. నీ పని ఫారాలు నింపడం.

నీ అన్నయ్య

*

జూన్ 13

మా గొప్ప అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ నా కాళ్ళు భూమ్మీద నిలవడం లేదు. మీ బావకి చదివి వినిపించాను. వీధి చివర మంగలిషాపులో చదివాను. అక్కడ సగం గడ్డం గీయించుకున్నాయన తువ్వాలు మెడలో ఉండగానే లేచి చప్పట్లు కొట్టాడు. డ్రైవర్ల సంఘం వాళ్ళు కబురు చేస్తే వెళ్ళి, బల్ల మీదెక్కి మరీ చదివాను. 'చేతుల మీద ఎత్తుకుని' అన్న దగ్గర నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే సంఘం కార్యదర్శి అందుకుని మిగతాది పూర్తిచేశాడు.

నీకు సన్మానం ఖాయమైంది. మీ బావ సైన్‌బోర్డులన్నీ పక్కన పడేసి ఇరవై అడుగుల గుడ్డ మీద 'దేశాలు దాటిన మాస్టారికి స్వాగతం' అని రాస్తున్నాడు. ఇంట్లో ఎటు తిరిగినా ఎర్రరంగే. నిన్న నేను గోడకి ఆరేసిన ఆ గుడ్డకి ఆనుకున్నాను, ఇప్పుడు నా వీపు మీద 'దాటిన' అని తిరగేసి ఉంది.

పేపర్లో పడ్డానన్నావు. ఆ ముక్క కత్తిరించి పంపు, ఫ్రేము కట్టిద్దాం. నీ అక్షరాలేమిటి, ఎవరో ఊపుతుంటే రాసినట్టున్నాయి. అంత సంబరమా?

ఇక అసలు సంగతి. పరీక్ష జూలై పదిన. సగం నేర్చుకున్న ఆరుగురు రోజూ వచ్చి బండి కవరు కేసి చూసి వెళుతున్నారు. వాళ్ళలో మన ఊరి బడి పంతులమ్మయితే నిన్న కన్నీళ్ళు పెట్టుకుంది. నాకు లైసెన్సు వచ్చి ఇరవై ఏళ్ళు. రెండేళ్ళకోసారి అడుగుతున్నాను, ఆ సీట్లో కూర్చుని నేర్పనివ్వమని. నువ్వేమో 'కుడి ఏదో ఎడమ ఏదో చెయ్యి చూసుకుంటేగానీ తెలియనిదానివి, నువ్వు నేర్పేదేమిటి' అంటావు. నిజమే, చూసుకుంటాను. అయినా ఈసారికి సరే అనరాదూ? ఉద్యోగాలూ సద్యోగాలూ నాకక్కర్లేదు అన్నయ్యా, ఆ సీటు కావాలి.

జవాబు తొందరగా రాయి. ఫోను చెయ్యకు, పోయినసారి మూడు నిమిషాల్లో మనం మాట్లాడుకున్నది ఏడు హలోలు.

నీ బుడంకాయ

*

జూన్ 22

ఒసేయ్,

ఆ గుడ్డ చుట్టేసి అటక మీద పెట్టమను. సన్మానమూ వద్దు, సంఘమూ వద్దు. నేను చేసింది అంత గొప్ప పనేమీ కాదు, ఎవరైనా చెయ్యగలరు. మంగలిషాపులో నా ఉత్తరాలు చదవడం ఆపు.

ఫోను చేద్దామనే అనుకున్నాను గానీ, అది కింది అంతస్తులో ఉంది.

ఇక్కడ నాకు జరుగుతున్న సేవ చూస్తే నాకే సిగ్గేస్తోంది. తెల్లబట్టల అమ్మాయిలిద్దరు పొద్దున్నే వచ్చి ఒళ్ళు తుడుస్తారు, తల దువ్వుతారు, మొదట్లో చెంచాతో నోట్లో పెట్టేవారు కూడా. వాళ్ళకన్నా పెద్దావిడ ఒకామె ఉంది. రోజూ గంటసేపు నా కాలు పట్టుకుని వదలదు. వద్దు తల్లీ, నా వల్ల కాదని బతిమాలినా వినదు. ఇంకొకాయన, డ్రైవరు, రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. నన్ను మొదటిసారి చూసిన క్షణం జన్మలో మర్చిపోలేనంటాడు. నేనే ఆయన్ని ఓదార్చి పంపుతున్నాను.

సీటు సంగతి మళ్ళీ ఎత్తావు. వద్దు. మనకి కుడి ఎడమలు ఒంటికి పట్టి ఉండాలి. చూడాల్సిన పక్క చూడకుండా రెండో పక్క చూసినవాడి గతి ఏమవుతుందో నీకు తెలీదు. నాకు బాగా తెలుసు. ఇక్కడ ఆపేస్తున్నాను, కాలు లాగుతోంది.

అన్నయ్య

*

జూలై 1

అన్నయ్యా,

ఈ ఉత్తరం కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, నిలబడి రాసే ఓపిక లేదు. ఒక్క మాట సూటిగా చెప్పు. పెళ్ళి కుదిరిందా?

నీకు యాభై ఎనిమిది. ఇన్నేళ్ళూ సంబంధాలు చూస్తే 'నాకు బ్రేకు తోడు చాలు' అన్నావు. ఇప్పుడు ఒకామె ఒళ్ళు తుడుస్తుంది, ఇంకొకామె తల దువ్వుతుంది, పెద్దావిడ కాలు పట్టుకుని బతిమాలుతుంది, నువ్వేమో నా వల్ల కాదంటున్నావు. ఆవిడ వాళ్ళ తల్లి కదూ? అంత పెద్దమనిషి కాలు పట్టుకుంటే కాదనడానికి నీకు మనసెలా వచ్చింది? మీ బావ అయితే ఆ డ్రైవరు పెళ్ళికూతురి తండ్రి అంటున్నాడు. కూతుర్ని పంపాల్సొస్తుందని ఏడుస్తున్నాడట. నాకూ అలాగే తోస్తోంది. ఎవరో తేల్చి రాయి. ఆ ఇద్దరిలో ఏ అమ్మాయి? తల దువ్విన అమ్మాయి అయితే నాకిష్టమే, నీ తల దువ్వాలంటే సహనం కావాలి.

చేసుకో. నేను అడ్డం చెప్పను. కానీ అక్కడే ఉండిపోతానంటే మాత్రం ఊరుకోను. రెండు నెలలన్నావు, అందుకేనా? నువ్వు లేకుండా ఈ ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున్నే గొంతు సవరించుకుంటూ ఎవరూ గేటు తియ్యరు.

బండి దుమ్ము పట్టకుండా చూస్తున్నాను. ఆరుగురూ దారిలో పడ్డారు, బెంగపెట్టుకోకు. కవరు ఉతకడానికి తీశాను, ఇంకా ఆరలేదు.

పోస్టాఫీసు నుంచి చీటీ వచ్చింది, నువ్వున్న చోటు నుంచి నాకేదో పార్సిలట. కాబోయే వదిన చీర పంపించిందేమో. రేపు వెళ్ళి తెచ్చుకుంటాను.

నీ చెల్లెలు

*

జూలై 3

అన్నయ్యా,

చీర కాదు. బూటు. నీ కుడికాలి బూటు ఒక్కటే.

దాంతోపాటు నువ్వు చదవాల్సిన ఉపన్యాసం. నేనే కదా సాఫు కాపీ రాసి ఇచ్చాను. మొదటి పేజీలో 'రోడ్డు దాటేవారు ముందుగా' అన్న వాక్యం మీదుగా అడ్డంగా నల్లటి చారలు. ఇరవై ఏళ్ళు డ్రైవింగు స్కూల్లో కూర్చున్నదాన్ని, టైరు గుర్తు నాకు తెలీదా? బ్రేకు వేసిన టైరు. కూడా ఒక ఇంగ్లీషు చీటీ ఉంటే పంతులమ్మ చేత చదివించాను. 'గాయపడిన ప్రతినిధి తాలూకు వస్తువులు' అని ఉందట. ఆవిడ రెండుసార్లు చదివింది, రెండుసార్లూ అదే ఉంది.

నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. కేక పెట్టారు. బళ్ళు ఆపేశారు. చేతుల మీద ఎత్తుకున్నారు. మెడ తిప్పుకోనివ్వడం లేదు. 'నిలబడే ఉన్నారట' అన్నావు. ఆ 'ట' దగ్గరైనా నాకు తెలియాలి కదా, ఆ హాల్లో నువ్వే లేవని. బల్ల ఎక్కి మరీ చదివానే. నువ్వు అక్కడ మూలుగుతుంటే నేనిక్కడ చప్పట్లు కొట్టించాను.

కాలు కింద పెట్టనివ్వడం లేదు అని రాశావు. పెట్టడానికి కాలు ఉందా అన్నయ్యా? బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇందులో ఉండాల్సిన కాలు ఏమైందో ఎవర్నడగాలో తెలీడం లేదు. మీ బావ రంగు డబ్బా మూతపెట్టి నా పక్కన కూర్చున్నాడు. నాకు చాలా భయంగా ఉంది. ఇంకేం రాయొద్దు. ఉందో లేదో అది ఒక్కటే రాయి.

చెల్లెలు

*

జూలై 12

తల్లీ,

ఉంది. కాలు ఉంది. రెండు చోట్ల విరిగి, మోకాలు చితికి, సిమెంటు కట్టులో తెల్లగా బిగిసి ఉంది గానీ, ఉంది. వేళ్ళు ఐదూ కదులుతున్నాయి. ఇప్పుడే మళ్ళీ లెక్కపెట్టాను.

నిన్ను ఏడిపించాను. కన్నతండ్రిలా చూసుకోవాల్సిన చెల్లెల్ని బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చోబెట్టాను. క్షమించు. అబద్ధం ఒక్కటీ రాయలేదని మురిసిపోయాను, అంతకన్నా పెద్ద అబద్ధం ఉండదని ఇప్పుడు తెలిసింది.

జరిగింది ఇది. ఆ రోజు హాల్లోకి కుర్చీలు ఇంకా రాలేదు. అందుకే అందరూ నిలబడి ఉన్నారు. ఆ కుర్చీలు తెస్తున్న వ్యానే నన్ను గుద్దింది. నేను కూర్చోవాల్సిన కుర్చీ కూడా అందులోనే ఉందట. రోడ్డు అంచున నిలబడి, నాలుగు వేలమందికి నేర్పిన ప్రకారం, ముందు కుడి పక్కకి చూశాను. ఖాళీ. అడుగు వేశాను. ఈ దేశంలో బళ్ళు మన దేశానికి తిరగేసి నడుస్తాయి, ముందు ఎడమ పక్క నుంచి వస్తాయి. విమానం దిగిన దగ్గర్నుంచీ ఐదు రోజులుగా చూస్తున్నాను, నాకు తెలుసు. తెలిసినా మెడ కుడికే తిరిగింది. వ్యాను తగిలింది ఎడమ పక్క, ఎగిరిపడ్డాక ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుని విరిగింది కుడికాలు. నా ఒంటికే పక్కలు తెలియలేదు. మెట్ల మీద నూటయాభై మంది రోడ్డు భద్రతా నిపుణులు చూస్తుండగా జరిగింది. ఒకాయనైతే పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ డ్రైవరు పెళ్ళికూతురి తండ్రి కాదు, పాపం ఆ వ్యాను తోలినాయన. ఆయన తప్పు వీసమెత్తు లేదు. తెల్లబట్టల వాళ్ళు నర్సులు. కాలు పట్టుకునే పెద్దావిడ వ్యాయామం చేయించే ఆవిడ. నేను కాళ్ళావేళ్ళా పడేది ఆవిడకి, ఆవిడ నాకు కాదు.

ఇక అసలు మాట. డాక్టరు చెప్పాడు, నడుస్తాను గానీ మోకాలు మునుపట్లా వంగదట. బ్రేకు మీద గట్టిగా, టక్కున తొక్కే బలం ఇక ఆ కాలికి రాదట. నిన్న చంకకర్రలిచ్చి గేటు దాకా నడిపించారు. గేటు అవతల రోడ్డు. ఎటు చూడాలో తెలీలేదు. కుడి చూశాను, ఎడమ చూశాను, వెనక్కి వచ్చేశాను.

అందుచేత బండి అమ్మేయి. బోర్డు దించమని బావకి చెప్పు. ఆరుగురికీ నా క్షమాపణ చెప్పి, ఇంకో స్కూలు చూసుకోమను. ముప్ఫై ఏళ్ళు నడిపాను, చాల్లే.

నీ కుడి ఎడమల మాట ఇంకెప్పుడూ ఎత్తను.

అన్నయ్య

*

జూలై 21

అన్నయ్యా,

'ఉంది' అన్న మాట చదివి కవరు చేత్తో పట్టుకునే వీధిలోకి పరుగెత్తాను. మంగలిషాపాయన ఇంకో సన్మానం అనుకున్నాడు.

బండి అమ్మను. కారణం చెబుతాను, కోపం తెచ్చుకోకుండా విను. లేవలేవు కదా, వినక తప్పదు.

జూన్ పదమూడున నీకు ఉత్తరం పోస్టులో వేశాను. నీ జవాబు రావడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది, పరీక్షకి ఉన్నవి ఇరవై ఏడు. నువ్వు మళ్ళీ వద్దంటావని నాకు తెలుసు. రెండోసారి వద్దన్నాక చేస్తే మాట మీరినట్టు, అనకముందు మొదలుపెడితే కాదు కదా అనుకుని పద్నాలుగో తారీకు పొద్దున్నే కవరు తీసేశాను. ఆరుగురు దారిలో పడ్డారని రాశాను చూడు, నిజంగా దారిలోనే ఉన్నారు, మొదటి రోజు ఇద్దరు పక్కకాలువలో కూడా ఉన్నారు. అబద్ధం రాయకుండా దాచిపెట్టడం నీ ఒక్కడికే వచ్చనుకున్నావా?

నేను కుడి, ఎడమ అన్న మాటలే వాడలేదు. తినే చెయ్యి వైపు, వాచీ చెయ్యి వైపు అన్నాను. పంతులమ్మ మొదట్లో గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. పరీక్షకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మలుపు తిప్పమంటే ఆవిడ చెయ్యి నోటిదాకా ఎత్తి చూసుకుని మరీ తిప్పిందట. ఆకలేస్తోందా అని ఆయన అడిగాడట. పాసైంది. ఆరుగురిలో ఐదుగురు పాస్. కాంపౌండరు ఒక్కడు తప్పాడు, అది కూడా నడపడం రాక కాదు. ఎవరో పెద్దాయన ఎదురొస్తే మర్యాదగా స్టీరింగు వదిలేసి రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

నేను ఆలోచించింది చెబుతాను. కుడి ఎడమలు ఒంటికి పట్టినవాళ్ళు ఆలోచించరు అన్నయ్యా. మెడ దానంతటదే తిరుగుతుంది. నేను ప్రతి మలుపు దగ్గరా చెయ్యి చూసుకుంటాను, ప్రతిసారీ కొత్తగా ఆలోచిస్తాను. నువ్వు నవ్వేవాడివి. ఈ ఇరవై ఏళ్ళలో నా బండి ఎవరికీ తగల్లేదు.

కొత్తగా తొమ్మిదిమంది వచ్చారు. వాళ్ళ ఫారాలు ఇంకా నింపలేదు. ఇన్నాళ్ళూ ఆ సీట్లో దొంగలా కూర్చున్నాను, గేటు చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. ఇక అలా కూర్చోను. నీ చేత్తో ఒక్క ముక్క రాసి పంపితే కూర్చుంటాను. రాయనంటే బండి అమ్మేస్తాను, బోర్డు మీ బావ కాదు, నేనే దించుతాను. నువ్వు బతికి ఉన్నావు, అది చాలు, మిగతాది నీ ఇష్టం అని రాయాలనుంది. కానీ నిజం చెప్పాలంటే అది చాలడం లేదు. నాకు ఆ మాట కూడా కావాలి.

చెల్లెలు

*

జూలై 30

బుడంకాయ్,

ఆగస్టు పద్నాలుగో తారీకు విమానం. సాయంత్రం నాలుగింటికి దిగుతాను, చక్రాల కుర్చీలో తోసుకొస్తారట.

నీ ఉత్తరం నర్సులకి చదివి వినిపించాను, తెలిసిన నాలుగు ముక్కల్లోకి మార్చి. దణ్ణం పెట్టిన కాంపౌండరు దగ్గర వాళ్ళు నవ్విన నవ్వుకి పక్కగదివాళ్ళు వచ్చారు. వ్యాను డ్రైవరు కూడా నవ్వాడు. రెండు నెలల్లో ఆయన నవ్వడం ఇదే మొదటిసారి. మోకాలు ఎప్పటికి వంగుతుందో గానీ, నీ దగ్గర తల మాత్రం వంగింది. పక్కకాలువ సంగతి వచ్చాక మాట్లాడతాను.

ఇవాళ నన్ను పంపించేందుకు ఒక ఫారం ఇచ్చారు. ఇన్నేళ్ళూ ఫారాలన్నీ నీ చేతే నింపించాను కదా, అదెంత పనో ఇవాళ తెలిసింది. మొదటి గడిలో పేరు రాశాను. రెండోది 'రోగి వృత్తి'. అక్కడ కలం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా రాసిన మాట రాయబోయి, మోకాలి కేసి చూసుకుని, ఖాళీగా వదిలేసి కిందికి పోయాను.

'రోగి బాధ్యత తీసుకునేవారు' అని ఉంది. నీ పేరు రాశాను. 'రోగికి ఏమవుతారు', చెల్లెలు. 'వారి వృత్తి' అని ఉంది. దానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, 'డ్రైవింగ్ మాస్టారు' అని రాశాను. డాక్టరు సంతకం పెట్టాడు, ఆస్పత్రి ముద్ర పడింది. రెండో ప్రతి ఈ ఉత్తరంతో పెడుతున్నాను. నువ్వు అడిగిన ముక్క అదే. ఆ తొమ్మిదిమంది ఫారాలు నింపుకో.

ఇదంతా అయ్యాక నర్సు ఫారం తిరిగిచ్చింది. ఒక గడి ఖాళీగా వదిలేశారు, మీ వృత్తి ఏమిటో రాయకపోతే పంపించడం కుదరదంది. అప్పుడు రాశాను, 'కింద రాసినామెకి అన్నయ్య' అని. అది వృత్తి కాదండీ అని ఆ అమ్మాయి ఎంత చెప్పినా కొట్టెయ్యలేదు.

అన్నయ్య